మెషీన్ కాదన్న నాన్నమ్మ, అమ్మ నమ్మిన గొంతు

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. తర్వాత వచ్చి చదివేవాళ్ల కోసం దాన్ని క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను. ఒంగోలు దగ్గర మీ ఊళ్లో నాన్నమ్మగారు ఒక్కరే ఉంటారు, రేషన్ కార్డు కూడా ఆమె ఒక్కరి పేరు మీదే ఉంది. రేషన్ షాపులో వేలిముద్ర తీసుకునే ఈపాస్ మెషీన్‌లో తంబ్ పడలేదు. వేళ్లు మార్చి మార్చి పెట్టించాక డీలర్ "ఈమె ఆమె కాదంటోంది మెషీన్" అని పంపేశాడు. నెల తిరక్కుండానే మీ అమ్మగారికి అచ్చం మీ గొంతుతో ఫోన్ వచ్చింది. యాక్సిడెంట్ అయింది, అర్జెంటుగా డబ్బు కావాలని. ఆమె టెన్షన్‌లో పంపేశారు. "కళ్లెదుట ఉన్న నాన్నమ్మను మెషీన్ కాదంది. అక్కడ లేని నన్ను అమ్మ నేనే అనుకుంది. ఇక నేను నేనే అనడానికి ఆధారం ఏమిటి? కంటికి, చెవికి తెలిసేదాంట్లో నిజమెంత?" అని అడిగారు.

నేను చాలా ఏళ్లుగా వేలిముద్రలు, ముఖాలు పోల్చే సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్నాను. మన తర్క, వేదాంత గ్రంథాలు చదివే అలవాటు కూడా ఉంది. మీ ఇంట్లో జరిగిన రెండూ మా పనిలో రోజూ ఎదురయ్యేవే. అసలు మనిషిని కాదనడం ఒక తప్పు, వేరేవాణ్ణి ఔననడం ఇంకో తప్పు. ఆ రెండూ ఎక్కడినుంచి వస్తాయో తెలిస్తే మీ పెద్ద ప్రశ్నకు కూడా దారి దొరుకుతుంది. నా జవాబు ముందే చెప్పేస్తాను: మీరెవరో ఏ యంత్రానికీ తెలియదు. "ఇది దానిలా ఉందా?" అన్న ప్రశ్నకే అది జవాబివ్వగలదు. "ఈమె ఆమేనా?" అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు చెప్పి, ఆ జవాబుకు పూచీ పడాల్సింది మనుషులు. ఈ రెండో ప్రశ్నను మనం మెల్లగా యంత్రానికి వదిలేస్తున్నాం. మీ నాన్నమ్మగారు ఖాళీ సంచితో ఇంటికి రావడానికి కారణం అదే.

ముందు వేలిముద్ర సంగతి. ఆధార్ నమోదులో పది వేళ్లు, రెండు ఐరిస్‌లు (కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయాలు), ఒక ఫొటో తీసుకుంటారు. వేలి మీద గీత ఎక్కడ ఆగిపోయింది, ఎక్కడ రెండుగా చీలింది, అక్కడ ఎటు వాలి ఉంది అనే బిందువుల పట్టికే సాఫ్ట్‌వేర్‌కు తెలిసిన వేలు. రేషన్ షాపులో వేలు పెట్టగానే అలాంటిదే ఇంకో పట్టిక తయారవుతుంది. పాత పట్టిక మీద కొత్తదాన్ని పెట్టి, అటూ ఇటూ తిప్పి, ఎన్ని బిందువులు కలిశాయో చూసి ఒక మార్కు వేస్తారు. ఆ మార్కు ముందే పెట్టుకున్న హద్దు దాటితే ఔను, దాటకపోతే కాదు. ఇందులో మీ నాన్నమ్మ పేరు, వయసు, ఊరు, ఆమె పెంచిన పిల్లలు, ఆ షాపుకు ఎన్నేళ్లుగా వస్తోంది అన్నవి ఎక్కడా లేవు.

ఒకే వేలిని పది నిమిషాల్లో రెండుసార్లు పెట్టినా రెండు పట్టికలు ఒకేలా రావు. కాస్త గట్టిగా నొక్కితే గీతలు వెడల్పవుతాయి, చెమటగా ఉంటే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, పొడిగా ఉంటే తెగిపోతాయి. ఎప్పుడైనా కొత్త ముద్ర పాతదానితో నూటికి నూరుపాళ్లు అచ్చుగుద్దినట్టు సరిపోయిందంటే మేం సంతోషించం, అనుమానిస్తాం. ఎవరో పాత ముద్ర కాపీని దొంగిలించి మళ్లీ పంపారని దాని అర్థం. బతికున్న మనిషి తన పాత ముద్రతో ఎప్పుడూ పూర్తిగా కలవడు. ఈ మాట గుర్తుంచుకోండి, తత్వం దగ్గరికి వెళ్లినప్పుడు పనికొస్తుంది.

మీ నాన్నమ్మగారు పొగాకు గ్రేడింగ్‌కు వెళ్లేవారని రాశారు. పొగాకు, సున్నం, సిమెంటు, మిరప కోతలు, బీడీలు చుట్టడం, అంట్లు తోమడం. ఇలాంటి పనుల్లో గడిచిన వేళ్లను స్కానర్ స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే గీతలు వరసగా ఉండవు. మధ్యలో తెల్లటి మచ్చలు కనిపిస్తాయి, అక్కడ చర్మం నున్నగా అరిగిపోయి ఉంటుంది. వాటికి అడ్డంగా సన్నటి పగుళ్లు పోతుంటాయి. సాఫ్ట్‌వేర్ ఆ పగులును కూడా గీత ఆగిన చోటు అనుకుని పట్టికలో రాసుకుంటుంది. దీనికి వయసు తోడవుతుంది. చర్మం బిగువు తగ్గి, పొడిబారి, గాజు మీద సరిగా ఆనదు. అంటే జీవితమంతా చేసిన కష్టమే ఇవాళ ఆమెను ఆమె కాదనిపిస్తోంది. నాకు ఇది ఎన్నేళ్లు గడిచినా మింగుడుపడని విషయం.

ఇక ఆ హద్దు గురించి. హద్దు తగ్గిస్తే మీ నాన్నమ్మగారికి బియ్యం వస్తాయి, కానీ వేరేవాళ్ల వేలు కూడా అప్పుడప్పుడూ సరిపోతుంది. పెంచితే దొంగలు తగ్గుతారు, అసలైనవాళ్లు ఎక్కువమంది బయట నిలబడతారు. ఒకే పరికరంతో రెండు తప్పుల్నీ ఒకేసారి సున్నాకు తెచ్చే మార్గం లేదు. కాబట్టి హద్దు ఎక్కడ పెట్టాలన్నది లెక్కల ప్రశ్నలా కనిపించే న్యాయం ప్రశ్న. దొంగకు బియ్యం వెళ్లడం పెద్ద నష్టమా, ముసలామె పస్తుండటం పెద్ద నష్టమా? దీన్ని ఎవరో ఎక్కడో కూర్చుని తేల్చారు. వాళ్లు షాపులో ఉండరు, డీలర్‌కు వాళ్లెవరో తెలియదు. అతనికి కనిపించేది స్క్రీన్ మీద వచ్చే మాట ఒక్కటే.

యంత్రం రాకముందు ఇలాంటివి జరగలేదా అంటే, జరిగాయి. ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లాకు చెందిన లాల్ బిహారీ 1970ల్లో లోను కోసం వెళితే, రెవెన్యూ రికార్డుల్లో తాను చనిపోయినట్టు ఉందని తెలిసింది. బంధువులు భూమి కోసం అలా రాయించారు. తాను బతికే ఉన్నానని నిరూపించుకోడానికి ఎన్నికల్లో పోటీ చేశారు, పేరు చివర 'మృతక్' అని పెట్టుకున్నారు, తనలాంటివాళ్లతో సంఘం పెట్టారు. రికార్డు సరిచేసేసరికి 1994 వచ్చింది. కాగితం కూడా మనిషిని చంపగలదు. కానీ ఆ కాగితం మీద ఎవరో ఒకరి సంతకం ఉంటుంది, పోట్లాడటానికి ఒక మనిషి దొరుకుతాడు. మార్కు, హద్దు అన్న చోట ఆ మనిషి కనబడడు. తేడా అక్కడే వచ్చింది.

వేలిముద్రతో మనిషిని గుర్తించే పద్ధతి ఎదిగింది కూడా చాలావరకు మన దేశంలోనే కాబట్టి దాని గురించి రెండు మాటలు. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లిష్ అధికారి ఒక కాంట్రాక్టు కాగితం మీద సంతకంతో పాటు కాంట్రాక్టరు అరచేతి ముద్ర వేయించాడు. తర్వాత 1877లో హుగ్లీలో పింఛనుదారులతో వేలిముద్రలు వేయించడం మొదలుపెట్టాడు. చనిపోయినవాళ్ల పింఛన్లు వేరేవాళ్లు తీసుకోకుండా చూడాలన్నది అతని ఉద్దేశం. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ముద్రల్ని 1,024 గూళ్లుగా విడగొట్టి వెతికే పద్ధతి వెనక లెక్క కట్టినవాళ్లు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం వాళ్ల పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. గమనించండి, ఊళ్లోవాళ్లు ఒకళ్లనొకళ్లు గుర్తుపట్టడానికి వేలిముద్ర ఎప్పుడూ అవసరం కాలేదు. తాను పాలించే మనుషుల ముఖాలు తెలియని అధికారికి అది అవసరమైంది. ఈపాస్ మెషీన్ కూడా అదే పని చేస్తోంది. మీ నాన్నమ్మ ఎవరో డీలర్‌కు తెలుసు, వీధిలో అందరికీ తెలుసు. తెలియనిది దూరాన ఉన్న సర్వర్‌కు.

అయితే ఊరివాళ్ల గుర్తింపే ఎప్పుడూ సరైనదని కూడా అనలేను. అదే బెంగాల్లో జరిగిన భవాల్ సన్యాసి కేసు చూడండి. "ఇతను అతనేనా" అన్న ప్రశ్న మీద మన దేశంలో ఇంత లోతుగా జరిగిన విచారణ ఇంకోటి నాకు తెలియదు.

ఢాకా దగ్గర భవాల్ పెద్ద జమీందారీ. అక్కడి రెండో కుమార్ రమేంద్రనారాయణ్ రాయ్ 1909 మేలో డార్జిలింగ్‌లో జబ్బుచేసి చనిపోయాడని కబురొచ్చింది. దహనం కూడా అయిపోయిందన్నారు. పన్నెండేళ్లు తిరిగేసరికి ఢాకా నది ఒడ్డున ఒళ్లంతా బూడిద పూసుకున్న ఒక సన్యాసి కనబడ్డాడు. చూసినవాళ్లు రెండో కుమారే అన్నారు. అతను మొదట ఏమీ చెప్పలేదు. 1921 మేలో కుమార్ అక్కచెల్లెళ్లు, రైతులు చుట్టూ చేరి నిలదీస్తే తానే రమేంద్రనారాయణ్‌నన్నాడు. గుంపులోంచి ఎవరో "నీకు పాలిచ్చిన దాది పేరేంటి?" అని అడిగారు, చెప్పాడు. చితి దగ్గర గాలివాన వచ్చి అందరూ చెదిరిపోయారని, నాగా సాధువులు తనను తీసుకెళ్లారని, ఏళ్ల తరబడి తానెవరో తనకే గుర్తులేదని అతని కథ. ప్రభుత్వం అతను నకిలీ కుమార్ అని ప్రకటించింది. భార్య విభావతీదేవి ఇతను తన భర్త కాదన్నది, ఆ మాట మీద చివరిదాకా నిలబడింది. తోబుట్టువు జ్యోతిర్మయీదేవి తన అన్నదమ్ముడే అంది, ఆమె కూడా మాట మార్చలేదు.

1930లో దావా పడింది. రెండు వైపులా కలిపి వెయ్యిమందికి పైగా సాక్షులు వచ్చారు. జడ్జి పన్నాలాల్ బోస్ ఒళ్లంతా పరిశీలింపజేశారు. పాదాల మీద పొలుసుల్లాంటి గరుకు చర్మం, అది ఆ కుటుంబంలో వంశపారంపర్యంగా వచ్చేది. చీలమండ పైన బండి చక్రం ఎక్కిన పాత మచ్చ. కుమార్ బతికుండగా ఇన్సూరెన్స్ కోసం డాక్టరు రాసిన రిపోర్టు. ఫొటోలు, చేతిరాత, నడక. వీటిలో ఒక్కొక్కటీ విడిగా తీసుకుంటే ఎవరికైనా ఉండొచ్చు. ఇన్ని ఒక్క మనిషిలో కాకతాళీయంగా కలవవని తేల్చి 1936 ఆగస్టు 24న సన్యాసికి అనుకూలంగా తీర్పిచ్చారు. 1940లో కలకత్తా హైకోర్టు ఇద్దరు ఔనని, ఒకరు కాదని ఆ తీర్పును నిలబెట్టింది. 1946 జులై 30న లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఖరారు చేసింది. ఆ తర్వాత కొద్దిరోజులకే అతను చనిపోయాడు.

ఈ కేసులో నన్ను పట్టుకున్న విషయం ఒకటుంది. జాన్ లాక్ అనే ఇంగ్లిష్ తత్వవేత్త 1694లో, జ్ఞాపకం ఎంత వెనక్కి వెళ్తే మనిషి అంతవరకూ ఒకడే అన్నాడు. ఒక రాకుమారుడి జ్ఞాపకాలన్నీ ఒక చెప్పులు కుట్టేవాడి ఒంట్లోకి చేరితే, ఆ మనిషి రాకుమారుడే అన్నది అతని వాదన. ఆ కొలతతో చూస్తే ఏమీ గుర్తులేకుండా దేశమంతా తిరిగిన ఆ సన్యాసి ఆ ఏళ్లలో ఎవరు? కోర్టు దృష్టిలో అతను అప్పుడు కూడా కుమారే. అతనికి తెలియకపోయినా అతని పాదాలు, మచ్చలు, తోబుట్టువుల జ్ఞాపకాలు అతణ్ణి పట్టి ఉంచాయి. మతిమరుపు జబ్బుతో కన్నబిడ్డల పేర్లు మర్చిపోయిన పెద్దవాళ్లు ఉన్న ఇళ్లలో ఇది కొత్త విషయం కాదు. అలాంటి తల్లికి తానెవరో తెలియని రోజు కూడా ఇంట్లోవాళ్లు ఆమెను అమ్మా అనే పిలుస్తారు. మనిషి తనలో ఎంత ఉంటాడో, తనను ఎరిగినవాళ్లలో కూడా అంతే ఉంటాడు. నా మటుకు నేను దీన్ని గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు అమ్మగారి ఫోన్ సంగతి. మన తార్కికులు దీన్ని "సోఽయం దేవదత్తః", అంటే "అప్పుడు చూసిన ఆ దేవదత్తుడే ఇతను" అనే ఉదాహరణతో చర్చించారు. ఇలాంటి గుర్తింపులో సగం కంటి ముందున్నది, సగం మనసులో మిగిలిన పాత సంస్కారం, అంటే జ్ఞాపకపు ముద్ర. రెండూ కలిసి 'వాడే వీడు' అనిపిస్తాయని నైయాయికులు, అంటే న్యాయ దర్శనంవాళ్లు, అంటారు. బౌద్ధులు దీన్ని ఒప్పుకోలేదు. గొరిగిన జుట్టు మళ్లీ పెరుగుతుంది, కోసిన గోరు మళ్లీ వస్తుంది, చూసి 'అదే జుట్టు, అదే గోరు' అంటాం. నిజానికి అది కొత్తది, పాతదానిలా ఉందంతే. దీపం మంట కూడా క్షణక్షణం కొత్తది, మనం ఒకే మంట అనుకుంటాం. పోలికను చూసి ఒకటేనని మోసపోతున్నాం అన్నది వాళ్ల వాదం.

ఫోన్‌లో అమ్మగారికి జరిగింది బౌద్ధులు చెప్పినదే. ఇవాళ కొద్ది సెకన్ల ఆడియో ఉంటే చాలు, ఆ గొంతులోని ధ్వని గుణాన్ని పట్టుకుని ఏ మాటనైనా ఆ గొంతుతో పలికించే సాఫ్ట్‌వేర్ దొరుకుతోంది. ఇన్‌స్టాలో మీరు పెట్టిన ఒక రీల్ సరిపోతుంది. అమ్మగారి చెవి తప్పు చేయలేదు, ఆ గొంతు మీదిలాగే ఉంది. "వాడిలా ఉంది" అన్నదాకా చెవి పని. "వాడే" అన్నది ఆమె మనసు కలిపింది, అది కూడా భయంలో. దయచేసి ఈ విషయంలో ఆమెను ఒక్క మాట కూడా అనకండి. 2024లో హాంకాంగ్‌లో అరుప్ అనే ఇంజనీరింగ్ సంస్థ ఉద్యోగి ఒకరు వీడియో కాన్ఫరెన్స్‌లో తన పైఅధికారినీ సహోద్యోగుల్నీ చూసి, వాళ్లతో మాట్లాడి, సుమారు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు బదిలీ చేశారు. ఆ కాల్‌లో ఆయన తప్ప మిగిలిన ముఖాలన్నీ డీప్‌ఫేక్‌లే, అంటే ఏఐతో తయారుచేసిన నకిలీలే.

వేలిముద్రకు కూడా ఇదే గతి పట్టింది. 2018లో బయటపడ్డ మన పెద్దపల్లి జిల్లా కేసు ఒకదాంట్లో, ఆన్‌లైన్‌లో దొరికే రిజిస్ట్రేషన్ దస్తావేజుల కాపీల మీదున్న వేలిముద్రల నుంచి రబ్బరు స్టాంపుల్లాంటి నకిలీ వేళ్లు తయారుచేసి సిమ్ కార్డులు యాక్టివేట్ చేశారు. భూమి అమ్ముకున్నప్పుడు వేసిన నిశానీ అది. ఆ ముద్రలకు యంత్రం ఔనంది. అదే యంత్రం మీ నాన్నమ్మ వేలికి కాదంది.

పోలిక ఎంత బాగా కుదిరినా మనిషి అవడు అనడానికి మనకు బాగా దగ్గరి ఉదాహరణ బాలుగారి గొంతు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంగారు 2020 సెప్టెంబరు 25న వెళ్లిపోయారు. ఆ తర్వాత ఒక తెలుగు సినిమాలో ఏఐతో ఆయన గొంతును పలికించారు. కుటుంబాన్ని అడగలేదని వాళ్లబ్బాయి చరణ్ లీగల్ నోటీసు పంపారు. దాదాపు అదే సమయంలో ఏఆర్ రెహమాన్ చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు తమిళ పాటలో వాడారు, కుటుంబాల అనుమతి తీసుకుని, పారితోషికం ఇచ్చి. రెండుచోట్లా వాడింది ఒకే రకం సాంకేతికత, మనకు మాత్రం రెండూ ఒకేలా అనిపించవు. ఎందుకంటే ఆయన గొంతంటే కేవలం ఆ ధ్వని కాదు. ఈ పాట పాడతాను, ఇది పాడను అని తేల్చుకునే మనిషి ఆ ధ్వని వెనక ఉండేవాడు. ఆ తేల్చుకోవడాన్ని సాఫ్ట్‌వేర్ కాపీ చేయలేదు. వారసుల్ని అడగడమంటే ఆయన లేని చోట ఆయన తరఫున జవాబు చెప్పేవాళ్లను వెతకడం.

మరి "నేను నేనే అనడానికి ఆధారమేంటి" అన్నారు కదా. బౌద్ధుల వాదానికి శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో "అనుస్మృతేశ్చ" అన్న సూత్రం దగ్గర ఇచ్చిన జవాబు నాకు చాలా ఇష్టం. బయటి వస్తువు విషయంలో "ఇది అదేనా, దానిలాంటిదా?" అన్న సందేహం ఎప్పుడైనా రావచ్చు, మోసపోవడం సాధ్యమే అని ఆయన ఒప్పుకుంటారు. కానీ తెలుసుకునేవాడి విషయంలో "నేను ఆ నేనేనా, ఆ నాలాంటివాణ్ణా?" అన్న సందేహం ఎవరికీ ఎప్పుడూ రాదు అంటారు. నిన్న చూసిన నేనే ఇవాళ గుర్తుచేసుకుంటున్నాను అన్నది పోలిక చూసి వచ్చే జ్ఞానం కాదు. షాపులో నిలబడ్డ మీ నాన్నమ్మ ఏ రెండు పట్టికల్నీ కలిపి చూసుకోలేదు. మెషీన్ కాదన్నా ఆమెకు తన మీద తనకు అనుమానం రాలేదు, బియ్యం రాలేదన్న బాధే వచ్చింది. మీ ప్రశ్నలో లోపలి సంగతికి, బయటి సంగతికి మధ్య ముడి పడింది, దాన్ని విప్పుకోండి. లోపల మీరెవరో మీకు రుజువు అక్కర్లేదు. బయట ఇతరులకు మాత్రం ఎప్పుడూ రుజువు కావాలి, ఆ రుజువు ఎప్పుడూ తప్పవచ్చు కూడా. పాత తెలుగు సినిమాల కాలం నుంచీ కవలల కథలన్నీ దీని మీదే నడిచాయి.

రియాలిటీ అన్న మాటకు వస్తే, మనమంతా ఒక కంప్యూటర్ సిమ్యులేషన్‌లో ఉన్నామా అని చాలామంది అడుగుతారు. నిక్ బోస్ట్రమ్ 2003లో ఆ వాదాన్ని పద్ధతిగా రాశాడు. దాని మీద నేను ఎక్కువసేపు ఆగను, ఎందుకంటే దానికి జవాబు ఔనైనా కాదైనా మీ నాన్నమ్మకు బియ్యం కావాలి. మనవాళ్ల తాడు-పాము ఉదాహరణ మనకు ఎక్కువ పనికొస్తుంది. చీకట్లో తాడును చూసి పామనుకుంటాం, దీపం తేగానే ఆ పాము పోతుంది. తర్వాతి జ్ఞానం కొట్టేయనిదే నిజం అన్నది అద్వైతుల కొలత. అయితే పాము అబద్ధమైనా, దాన్ని చూసి పరిగెత్తి పడితే విరిగిన కాలు నిజమైనదే. 2023 నవంబరులో రష్మిక మందన్న ముఖం అతికించిన వీడియో వచ్చింది. వీడియో అబద్ధం, ఆమె పడ్డ బాధ నిజం. దాని వెనక ఉన్నాడని గుంటూరులో ఒకతణ్ణి ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసిన మాటా నిజం.

నాకు ఇంకా ఎక్కువ భయం కలిగించేది దీనికి రెండో వైపు. ఏ వీడియో అయినా నకిలీ కావచ్చని అందరికీ తెలిశాక, లంచం తీసుకుంటూ నిజంగా దొరికినవాడు కూడా "అది డీప్‌ఫేక్" అనేసి తప్పుకోగలడు. దీపం తెచ్చి చూపించినా ఆ దీపమే నకిలీదంటాడు. కాబట్టి బొమ్మలోనే నిజం వెతికితే ఇక దొరకదు. ఎవరు తీశారు, ఎక్కడ తీశారు, అడిగితే ముందుకొచ్చి నేనే తీశానని చెప్పేవాళ్లున్నారా అని చూడాలి. భవాల్ కోర్టు చేసింది అదే. ఏ ఒక్క మచ్చనూ నమ్మలేదు, ఏ ఒక్క సాక్షినీ నమ్మలేదు. ఒకదాన్ని ఇంకోదానితో పెట్టి చూసి, ఎదురు ప్రశ్నలు వేయించి, చివరికి తన పేరుతో తీర్పు రాసి సంతకం చేసింది. పై కోర్టు ఆ సంతకాన్ని పరీక్షించగలిగింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈపాస్ వచ్చిన కొత్తలో వేలిముద్ర పడనివాళ్లకు వీఆర్వో తన వేలు పెట్టి సరుకులు ఇప్పించే ఏర్పాటు ఉండేది. దానిలో ఇబ్బందులు ఉన్నాయి, వీఆర్వో ఊళ్లో ఉండాలి, నిజాయితీపరుడై ఉండాలి. అయినా ఆ ఆలోచన సరైనదని నా అభిప్రాయం. "ఈమె ఆమేనని నాకు తెలుసు, తప్పయితే నన్ను అడగండి" అనే ఒక మనిషికి ఆ వ్యవస్థలో చోటిచ్చారు. 2017 సెప్టెంబరులో జార్ఖండ్‌లోని సిమ్‌డేగా జిల్లాలో ఆధార్ లింకు లేదని కార్డు తీసేసిన ఇంట్లో 11 ఏళ్ల పాప చనిపోయింది. ఆకలితోనే అని కుటుంబం, కాదని ప్రభుత్వం అన్నాయి. ఆ మరుసటి నెలలోనే ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ, వేలిముద్ర పడలేదనో ఆధార్ లేదనో అర్హులకు రేషన్ ఆపకూడదని, అలాంటప్పుడు రిజిస్టర్లో రాసుకుని ఇవ్వాలని సర్క్యులర్ పంపింది. అది మీ డీలర్‌కు తెలియకపోవచ్చు, మీరు చెప్పండి.

ఇక వెంటనే చేయాల్సినవి. నాన్నమ్మగారి చేతులు సబ్బుతో కడిగించి, పూర్తిగా పొడిగా కాకుండా కాస్త తడి ఆరాక వేలు పెట్టించండి. బొటనవేలే కానక్కర్లేదు. పనుల్లో తక్కువ అరిగిన వేలు ఏదైనా పడొచ్చు. పడకపోతే ఐరిస్ అడగండి, మొబైల్ లింకై ఉంటే ఓటీపీ అడగండి. కంటిలో శుక్లాలు బాగా ముదిరితే ఐరిస్ కూడా ఇబ్బంది పెడుతుంది, అప్పుడు తహసీల్దారు ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి వేలిముద్రలు కొత్తగా ఇప్పించండి, పాత పట్టిక ఆమె చేతులు ఇంకా ఇంతగా అరగనప్పటిది. 65 దాటినవాళ్లకు 2025 జూన్ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు ఇంటికే ఇవ్వాలని పెట్టారు, ఆమెకు వర్తిస్తుందేమో డీలర్‌ను అడగండి.

అమ్మగారు పంపిన డబ్బు గురించి ఇంకా ఫిర్యాదు చేయకపోతే ఇప్పుడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఇకముందు కోసం ఇంట్లో ఒక ప్రశ్న పెట్టుకోండి. పుట్టినరోజు, స్కూలు పేరు లాంటివి వద్దు, అవన్నీ ఫేస్‌బుక్‌లో ఉంటాయి. భవాల్లో అడిగిన దాది పేరు లాంటిది, మీ నలుగురికే తెలిసినది, ఎక్కడా రాయనిది కావాలి. డబ్బు మాట వస్తే ఫోన్ పెట్టేసి మీ నంబరుకు తానే తిరిగి చేయాలని అమ్మగారికి చెప్పండి.

నాన్నమ్మగారి భూమి కాగితాల మీద వేలిముద్ర ఉంటే ఆధార్ యాప్‌లో ఆమె బయోమెట్రిక్స్ లాక్ చేయడం మంచిది. కానీ రేషన్‌కు వెళ్లే రోజు పొద్దున అన్‌లాక్ చేయాలి. లాక్ ఉండగా వేలు పెడితే మెషీన్‌లో 330 అని వస్తుంది, ముద్ర కలవకపోతే 300 అని వస్తుంది. డీలర్ రెండింటికీ "తంబ్ పడలేదు" అనే అంటాడు, కాబట్టి నంబరు ఏం వచ్చిందో చదవమని అడిగి ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తహసీల్దారుకు ఇచ్చే అర్జీకి దాన్నే జతచేయండి.